జనవరి 26 - సంకల్ప దినము



మన యిండ్లలో ఏ శుభకార్యము తలపెట్టినను పురోహితుడు మొట్టమొదట సంకల్పము చెప్పించును. కర్త తా నేద్వీపమున, ఏ పర్వతమునకు ఏ దిక్కున, ఏ నదుల నడుమ నున్నాడో చెప్పుకొనును. పిదప సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము చెప్పుకొనును. కడపట తన గోత్రనామములు చెప్పి, ఈ కార్యమును నేను చేయుదునని మాట యిచ్చును. బాల్యమున నా గురువుగారు ఈ పాఠమును వల్లె వేయించునపుడు, ఇంత పొడుగు వాక్య మెందులకని విసుగుకొంటిని. ఆయన చెప్పిన సమాధానము నేటికిని మరువలేదు. ‘చోటును వేళయు చెప్పక యిచ్చిన మాటకు పూచీ లేదురా. ఎక్కడంటివి, ఎప్పుడంటివి అని రేపెవరైన నడిగినచో తప్పించుకొనుటకు సందు మిగులును’ అని ఆయన యనెను.

మన దేశచరిత్రలో ఒక తేదీని తలచుకొనినప్పుడెల్ల ఆ మాట నాకు జ్ఞప్తికి వచ్చును. అది జనవరి 26. నేడు ఆ యొక్క తేదీని పట్టుకొని మన జాతి నడచి వచ్చిన త్రోవను మీతో గూడ చూడవలెనని నా కోరిక.

మా తాతల కాలమున తేదీ యన్నది కచేరీ కాగితములకును, శిస్తు కిస్తులకును మాత్రమే పనికివచ్చునది. పండుగకును, పెండ్లికిని, ఆబ్దికమునకును తిథియే ప్రమాణము. తిథి చంద్రుని నడకను బట్టి వచ్చును. తేదీ పరదేశీయుల పాలనతో మన యిండ్లకు వచ్చిన లెక్క. అట్టి లెక్కలోని ఒక అంకె కోట్లకొలది జనులకు పర్వదిన మెట్లయ్యెను? తనంత తానది కాలేదు. మనుష్యులు దానిని పర్వముగా చేసిరి. చేసినవారు దానికై వెల యిచ్చిరి.

1928 డిసెంబరులో కలకత్తాలో కూడిన కాంగ్రెసు మహాసభ ఆంగ్ల ప్రభుత్వమునకు ఒక్క యేడు గడువిచ్చెను. ఆ గడువులోపల మనకు డొమినియన్ ప్రతిపత్తి యిచ్చిరా సరి. లేనిచో పూర్ణ స్వాతంత్ర్యమే మా గమ్యమని చెప్పెను. గడువు కరగిపోయెను, కోరినది రాలేదు. 1929 డిసెంబరులో లాహోరు నగరమున, రావీ నదీతీరమున, నలుబదేండ్ల జవహర్లాల్ నెహ్రూ అధ్యక్షతను మహాసభ మరల కూడి పూర్ణ స్వరాజ్య తీర్మానము చేసెను. డిసెంబరు 31వ తేదీ నడిరేయి, గడువు తీరిన క్షణమున, రాట్నము గల త్రివర్ణ పతాకము నెగురవేసిరి. ఆ పతాకమునకు బీజము 1921లో బెజవాడలో కాంగ్రెసు సంఘము కూడినపుడు మన పింగళి వెంకయ్యగారు గాంధీజీకి సమర్పించిన నమూనాలో నున్నదని తెలుగువా రెరుగుదురు.

తీర్మానము సభలోనివారిది. దానిని దేశమంతటి మాటగా చేయు టెట్లు? 1930 జనవరి 2వ తేదీన కార్యవర్గము కూడి, ఆ నెల 26వ తేదీన ఊరూర జనులు సమావేశమై ప్రమాణము చేయవలెనని నిర్ణయించెను. అది ఆ నెలలో కడపటి ఆదివారము. పంచాంగము ప్రకారము శుక్లనామ సంవత్సర పుష్య బహుళ ద్వాదశి. ముహూర్తము చూచి పెట్టిన దినము కాదది.

ఆ దినము జరుగవలసిన విధమును గూర్చి గాంధీజీ చెప్పిన కట్టుబాట్లు వినదగినవి. ఉపన్యాసములు వలదు. ప్రమాణపత్రమును ఆ యా ప్రాంతముల భాషలో చదువవలెను; సమ్మతించినవారు చేయెత్తవలెను. తక్కిన పగలంతయు నూలు వడకుట, అస్పృశ్యులుగా నెంచబడినవారి సేవ, హిందూ మహమ్మదీయ సఖ్యము, మద్యనిషేధము మొదలగు పనులలో గడపవలెను. స్వాతంత్ర్యము వచ్చినదని చాటుటకు కాదు ఆ దినము. అంతకు తక్కువైన దానితో తృప్తి పడమని చాటుటకు మాత్రమే అని ఆయన స్పష్టము చేసెను.

ప్రమాణపత్రములో గంభీరమైన మాటలతోపాటు చిల్లర లెక్కలును గలవు. భారతీయుని సగటు ఆదాయము దినమునకు ఏడు పైసలు, అనగా రెండణాలకైనను చాలదని యందు వ్రాసిరి. మన మిచ్చు పన్నులలో నూటికి 20 వంతులు రైతులు కట్టు భూమిశిస్తు, 3 వంతులు పేదలపై మిక్కిలి భారముగా పడు ఉప్పుపన్ను అని లెక్క చెప్పిరి. రాట్నము మూలబడుటచే రైతులు ఏటికి నాలుగు నెలలైనను పనిలేక కూర్చుండవలసి వచ్చుచున్నదనిరి. దేశభక్తిని ఏడు పైసల లెక్కతో మొదలుపెట్టినవారి నిజాయితీని గమనింపుడు. ఆ ప్రమాణము జరిగిన 45 దినములకు, మార్చి 12వ తేదీన, గాంధీజీ 78 మంది అనుచరులతో సబర్మతి నుండి దండి సముద్రతీరమునకు ఉప్పు చేయ బయలుదేరెను. లెక్క పని యయ్యెను.

మరుసటి సంవత్సరము, 1931 జనవరి 26వ తేదీన, ప్రభుత్వము గాంధీజీని చెరసాల నుండి విడిచిపెట్టెను. అదే దినమున కలకత్తాలో ఆ నగరపు మేయరు సుభాష్ చంద్రబోసు నిషేధాజ్ఞను ధిక్కరించి ఊరేగింపు నడపగా, రక్షకభటులు లాఠీలతో కొట్టి ఆయనను నిర్బంధించిరి. ఒకే తేదీన ఒకచోట కారాగారపు తలుపు తెరచుకొనెను, ఇంకొకచోట మూసుకొనెను. 1932 నాటికి కాంగ్రెసే చట్టవిరుద్ధ సంస్థ యని ప్రకటింపబడెను. అయినను ఆ దినము మానలేదు. 1930 మొదలు 1947 వరకు 18 పర్యాయములు మనవారు స్వాతంత్ర్యము లేకయే స్వాతంత్ర్య దినము జరుపుకొనిరి. కలిగినదానికి ఉత్సవము చేయుట లోకరీతి. కలుగనిదానికి, కలిగించుకొనుట మా పూచీ యని, ఏటేట వ్రతము పట్టుట అరుదు.

ఇక స్వాతంత్ర్యము వచ్చిన దినము మాట. అది మన మెంచుకొనిన తేదీన రాలేదు. 1947లో కడపటి వైస్రాయి మౌంట్‌బాటన్ ప్రభువు ఆగస్టు 15ను నిర్ణయించెను. ఆసియా ఖండములో ఆయన సేనాపతిగా నున్నపుడు జపాను లొంగిపోయిన తేదీ యది. 1945కు అది రెండవ వార్షికము. సర్వజిత్తు సంవత్సరమున అది అధిక శ్రావణ బహుళ చతుర్దశి. అధికమాసము, అందును అమావాస్య ముందరి తిథి! మా వంటి పంచాంగపు వాండ్రెవ్వరును దానికి ముహూర్తము వ్రాసి యియ్యరు. అయినను ఆ నడిరేయి మనకు పగలయ్యెను.

కాని ఆ వెలుతురుతోనే దేశము రెండయ్యెను. లక్షలకొలది జనులు ఇల్లు వాకిలి విడిచి సరిహద్దులు దాటిరి. లెక్కకు మిక్కిలి ప్రాణములు పోయెను. రావీ తీరమున ఏ నేలమీద పూర్ణ స్వరాజ్య సంకల్పము చెప్పబడెనో, ఆ లాహోరు నగరమే పరదేశమాయెను. సంకల్పములో చోటును వేళను చెప్పవలెనన్న గురువుగారి మాట ఇక్కడ నాకు మరల గుర్తుకు వచ్చును. చెప్పిన చోటు మన చేయి జారెను. చెప్పిన తేదీ మాత్రము మిగిలెను.

ఆ మిగిలినదానిని మన పెద్దలు పోగొట్టుకొనలేదు. 1946 డిసెంబరు 9వ తేదీన మొదలైన రాజ్యాంగ పరిషత్తు, దాదాపు మూడేండ్లు శ్రమించి, 1949 నవంబరు 26వ తేదీన 395 అధికరణములు గల రాజ్యాంగమును ఆమోదించెను. ముసాయిదా సంఘమునకు డాక్టరు అంబేడ్కరు అధ్యక్షుడు. ఆ పరిషత్తులో టంగుటూరి ప్రకాశము, పట్టాభి సీతారామయ్య, ఆచార్య రంగా వంటి తెలుగువారు కూర్చుండిరి. దుర్గాబాయి యనెడి తెలుగు సోదరియు నుండెను; 1930లో ఉప్పు సత్యాగ్రహమున చెరసాలకు పోయినప్పటికి ఆమెకు ఇరువదేండ్లు. ప్రమాణము చేసిన తరమే శాసనము వ్రాసినదని చెప్పుటకు ఆమె ఒక్కతె చాలును.

రాజ్యాంగపు పీఠికను హిందీ ప్రతిలో చూచినవారి కొక విశేషము కనబడును. నవంబరు 26 అను తేదీ ప్రక్కన మార్గశీర్ష శుక్ల సప్తమి యను తిథియు, విక్రమ సంవత్సరము 2006 అనునదియు వ్రాయబడి యున్నవి. మన లెక్కలో అది విరోధి సంవత్సర మార్గశిర శుద్ధ సప్తమి. తిథియు తేదీయు ఒకే పంక్తిలో కూర్చుండుట చూచి నా వంటివాడు సంతోషింపక యుండునా?

రాజ్యాంగము సిద్ధమైన దినముననే పూర్తిగా అమలులోనికి రావచ్చును. పౌరసత్వము, ఎన్నికలు మొదలగువాటికి సంబంధించిన కొన్ని అధికరణములు వెంటనే వచ్చినవి. తక్కినదంతయు రెండు నెలలు ఆగెను. 1930 నాటి జనవరి 26కు గౌరవము చేయుటకే ఆ తేదీని ఎంచుకొనిరి. ప్రపంచములో పెక్కు దేశములు తమ పర్వమునకు ఒక విజయమును, ఒక కోట కూలుటను, ఒక రాజు పోవుటను ఎంచుకొనినవి. మన గణతంత్రము ఎంచుకొనినది విజయదినము కాదు. మాట యిచ్చిన దినము. నేటి ప్రసంగమున నేను చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే. ఆగస్టు 15 ఫలము. జనవరి 26 సంకల్పము.

1950 జనవరి 26 గురువారము. ఉదయము 10 గంటల 18 నిమిషములకు ఢిల్లీలో రాజగోపాలాచారిగారు భారతదేశము సర్వసత్తాక ప్రజాస్వామ్య గణతంత్ర మైనదని ప్రకటించిరి. ఆరు నిమిషములకు బాబూ రాజేంద్రప్రసాదు మొదటి రాష్ట్రపతిగా ప్రమాణము చేసెను. మన తెలుగునేలలో సగభాగము అప్పటికి హైదరాబాదు సంస్థానములో నుండెను. ఏడవ నిజాము మీర్ ఉస్మానలీఖాను ఆ దినమునుండి రాజప్రముఖుడు, అనగా వ్రాసియున్న శాసనమునకు లోబడి పదవి వహించు నొక యధికారి. ఫర్మానాల నేల మీదికి అధికరణములు వచ్చెను.

ఆనాటి తిథిని చూచితిని. మాఘ శుద్ధ అష్టమి. మన వా రా తిథిని భీష్మాష్టమి యందురు. అంపశయ్యపై ఉత్తరాయణము కొరకు వేచియుండి, ధర్మరాజునకు రాజధర్మములన్నియు బోధించి, ఆ వృద్ధుడు దేహము చాలించిన తిథి యని పెద్దల నమ్మిక. సంతానము లేని ఆయనకు ఆ దినమున వంశముతో నిమిత్తము లేక ఎల్లవారును తర్పణము విడుతురు. రాజు ధర్మమునకు లోబడినవాడే గాని ధర్మము రాజునకు లోబడినది కాదని చెప్పిన మహాగ్రంథ భాగము శాంతిపర్వము. తిక్కన సోమయాజి దానిని మనకు తెనిగించి పెట్టెను. పాలకుని శాసనమునకు లోబరచిన రాజ్యాంగము ఆ తిథినాడే అమలులోనికి వచ్చుట ఎవ్వరును ఎంచి పెట్టినది కాదు. కాకతాళీయమే. కాని కాకతాళీయములు సయితము ఆలోచన పుట్టించును.

భీష్ముడనగా ప్రతిజ్ఞ. తన మాటను జీవితాంతము నిలుపుకొనినవాడు. అయినను, కురుసభలో ద్రౌపది తన ప్రశ్న నడిగి నిలిచినపుడు, ఆ మహాపురుషుడు ధర్మము సూక్ష్మమని చెప్పి ఊరకుండెను. ప్రతిజ్ఞ నిలిచెను, ఆ ప్రతిజ్ఞ కాపాడవలసిన ధర్మమునకు సభామధ్యమున అవమానము జరిగెను. తేదీని తప్పక జరుపుకొనువారికిని ఈ ప్రమాదము కలదు. జెండా సకాలమున ఎగురవచ్చును. దాని క్రింద చెప్పిన మాట మూగపోవచ్చును.

అంబేడ్కరు దీనిని ముందే హెచ్చరించెను. 1949 నవంబరు 25వ తేదీన పరిషత్తులో ఆయన మాటలాడుచు, జనవరి 26న మనము వైరుధ్యములతో నిండిన జీవితములోనికి అడుగిడుచున్నామనెను. ఓటు విషయమున అందరును సమానులు. సంఘములోను, సంపదలోను అసమానులు. ఈ వైరుధ్యమును త్వరలో తొలగింపకున్నచో, బాధపడువారు ఈ కట్టడమునే కూలద్రోయుదురని ఆయన భావము. 1951-52లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో సుమారు 17 కోట్లమందికి ఓటు హక్కు కలిగెను. ఆనాడు దేశమున అక్షరాస్యులు నూటికి 18 మంది మాత్రమే. చదువురానివానికి ఓటేలయని అడిగినవారుండిరి. ఏడు పైసల వానిని లెక్కలోనికి తీసికొనిన ప్రమాణమునకు అది తగిన ఉత్తరువు. సంకల్పములో ఆ భాగము నెరవేరెను.

నెరవేరని ఏడును నే నెరుగుదును. 1976 జనవరి 26న నేను ఉన్నత పాఠశాలలో పై తరగతి విద్యార్థిని. జెండా యెగిరెను; మాకు మిఠాయి పంచిరి. ఏటేట ఆ దినమున ప్రాథమిక హక్కులను గూర్చి చెప్పు ఉపాధ్యాయుడు, ఆ యేడు క్రమశిక్షణను గూర్చి రెండు మాటలు చెప్పి దిగిపోయెను. ఏల యని నేనడుగలేదు. 1975 జూనులో విధించిన అత్యవసర పరిస్థితిలో, తన స్వేచ్ఛను హరించిరని పౌరుడు న్యాయస్థానమునకు పోవు హక్కు నిలిపివేయబడి యుండెనని పిదప తెలిసికొంటిని. ఆ యేప్రిలు 28న సర్వోన్నత న్యాయస్థానములో ఐదుగురు న్యాయమూర్తులలో నలుగురు ఆ నిలుపుదలను సమర్థించిరి, హెచ్.ఆర్. ఖన్నా ఒక్కడే కాదనెను. ఆ నలుగురి తీర్పు తప్పని అదే న్యాయస్థానము చెప్పుటకు 2017 వరకు, అనగా 41 సంవత్సరములు పట్టెను. మా ఉపాధ్యాయుని నేను నిందింపను. పిల్లలు గల సంసారి. ఆయన మౌనమునకు భయము కారణము. కాని నేను అదే వృత్తిలోనికి వచ్చిన పిదప, ఆ దినమున ఆ హక్కులను చదువక ఏ యేడును వేదిక దిగలేదు.

మరియొక జనవరి 26. 2001లో ఆ ఉదయము 8 గంటల 46 నిమిషములకు గుజరాతులోని కచ్ఛు ప్రాంతమున భూమి కంపించెను. వేలకొలది జనులు మరణించిరి. అంజారు పట్టణమున ఇరుకు వీథులలో గణతంత్ర దినపు ఊరేగింపుగా నడుచుచున్న బడిపిల్లలపై ఇరువైపుల ఇండ్లు కూలెను. అదే వేళకు నేను మా బడి ఆవరణలో పిల్లలను వరుసలుగా నిలుపుచుంటిని. సాయంకాలము రేడియోలో ఆ వార్త విని, నా చేతి క్రింద నిలిచిన ముఖములే కన్నులకు కట్టి, ఆ రాత్రి అన్నము ముట్టలేకపోతిని. పర్వదినమని భూమి ఆగలేదు. తేదీకి రక్షించు శక్తి లేదు. గట్టి గోడ కట్టించుట, వీథి వెడల్పు చూచుట, బిడ్డ ప్రాణమునకు పూచీ పడుట అనునవి మనుష్యులు చేయవలసినవి. ప్రమాణమనగా అట్టి పనులే గదా.

శ్రోతలారా, సంకల్పములో కడపటి మాట ‘కరిష్యే’ అనునది. చేయుదునని యర్థము. ఎవరో చేయుదురనియు కాదు, చేయబడుననియు కాదు. పురోహితుడు చెప్పించును గాని, మాట మాత్రము కర్తదే. మన రాజ్యాంగపు పీఠికయు ‘మేము’ అను మాటతోనే మొదలగుచున్నది. రాజు ప్రసాదించినట్లు అందులో లేదు. మనకు మనమే యిచ్చుకొన్నట్లు వ్రాసిరి. ఇచ్చినవాడును పుచ్చుకొన్నవాడును ఒక్కడే యైనపుడు తప్పించుకొనుటకు సందు లేదు.

కావున రాబోవు జనవరి 26న మీ బిడ్డలు జెండా చూచి యింటికి వచ్చినపుడు, ఆ దినమున ఏమి గెలిచితిమని చెప్పకుడు. 1930లో ఏమని మాట యిచ్చితిమో చెప్పుడు. రావీ నదిని గూర్చి చెప్పుడు. ఏడు పైసల లెక్క చెప్పుడు. మన ఊరిలో నేటికిని లెక్కలోనికి రానివా రెవరో ఆ బిడ్డ నడుగనిండు. బిడ్డ అడిగిన ప్రశ్నకు ధర్మము సూక్ష్మమని చెప్పి మాత్రము లేచిపోకుడు.

స్వస్తి.